నారింజ తొక్క బీర్లు: గ్లాసు సగమయ్యాకే మార్కులు

నారింజ తొక్క వేసిన బీర్లకి నేను మార్కులు వేసేది మొదటి గుక్కకి కాదు, గ్లాసు సగానికి వచ్చాక. ఈ తొక్క ఎక్కువగా పడేది విట్‌బియర్‌లో, అంటే బెల్జియం పద్ధతి గోధుమ బీర్‌లో. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే ఏ విట్‌బియరైనా బాగానే ఉంటుంది, లోపాల్ని సగం చల్లదనం కప్పేస్తుంది, మిగతా సగాన్ని గ్యాసు కప్పేస్తుంది. పావుగంట ఆగి, గ్లాసు చల్లదనం కాస్త విరిగాక ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడు బయటపడుతుంది అసలు సంగతి. అది నిజంగా తొక్క వాసనేనా, నారింజ చాక్లెట్ బిళ్ల వాసనా, ధనియాలు మరీ ఎక్కువయ్యాయా, ఇంతకీ గోధుమ అనేది అందులో ఎక్కడైనా తగులుతోందా, అన్నీ అప్పుడే తెలుస్తాయి. నా లెక్కలో ఈ రకం బీర్‌లో నారింజ ముందుకొచ్చి నిలబడకూడదు. పాట వెనక తంబూరలా ఉండాలి, ఆగిపోతే తెలియాలి గానీ మోగుతున్నంతసేపూ దాని మీదికే ధ్యాస పోకూడదు.

మార్కులు పదికి వేస్తున్నాను. వాసనకి 3, నోట్లో నిండుదనానికి 3, మింగాక మిగిలే రుచికి 4. చివరిదానికి ఎక్కువ ఎందుకంటే తొక్క తన పని చేసేది అక్కడే.

ముందు తొక్క గురించి ఒక్క మాట, ఇది తెలియకపోతే ఒక బీర్ ఎందుకు నచ్చిందో ఇంకోటి ఎందుకు నచ్చలేదో చెప్పలేం. నారింజ తొక్కని రెండు వేళ్ల మధ్య మడిచి నొక్కితే సన్నటి తుంపర ఎగిరి కంట్లో మండుతుంది చూడండి, ఆ నూనెలో 90 శాతం పైగా లిమోనీన్ అనే పదార్థమే. బీర్‌లోకి రావలసిన పరిమళం ఇదే. దాని కింద ఉండే తెల్లటి మెత్తటి పొరలో చేదు, వగరు ఉంటాయి, అవి కొంచెం వస్తే బీర్ నిలబడుతుంది, ఎక్కువైతే నాలుక పక్కలు పట్టేస్తాయి. అందుకే చాలామంది బ్రూవర్లు, అంటే బీర్ చేసేవాళ్లు, తొక్కని మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) ద్రావణం మరగడం ఇంకో ఐదు పది నిమిషాల్లో అయిపోతుందనగా వేస్తారు, ముందే వేస్తే పరిమళమంతా ఆవిరితో పైకి పోయి కింద చేదు మాత్రం మిగులుతుంది. నూనె మరీ ఎక్కువ దిగినా కష్టమే, నురగ నిలవదు, పోసిన నిమిషానికే గ్లాసు పైభాగం బోసిగా కనిపిస్తుంది.

తొక్కలోనూ రెండు జాతులు. ఒకటి తియ్య నారింజ, వాలెన్సియా లాంటివి, దీని వాసన రసం వాసనకి దగ్గరగా, గుండ్రంగా, తియ్యగా ఉంటుంది. రెండోది చేదు నారింజ, కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవి పేరు మీద పిలిచేది. స్పెయిన్ వాళ్లు 16వ శతాబ్దంలో ఆ దీవికి తీసుకెళ్లి నాటిన నారింజలు అక్కడి ఎండకీ పొడి నేలకీ తినలేనంత చేదుగా మారిపోయాయి, కానీ ఎండబెట్టిన తొక్క మాత్రం బ్రహ్మాండమైన వాసన ఇచ్చింది. బీర్ చేసేవాళ్లకి అమ్మే చేదు తొక్క చూడ్డానికి నారింజ రంగులో కూడా ఉండదు, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో, చెట్టు బెరడు ముక్కల్లా గట్టిగా ఉంటుంది. నలిపి వాసన చూస్తే పండు గుర్తుకు రాదు, పొడిగా, కాస్త మట్టిగా, కాస్త మిరియంగా ఉంటుంది. బెల్జియం పద్ధతిలో చేసే విట్‌బియర్లకి ఆ లోతు ఇక్కడినుంచే వస్తుంది, నా ఓటు ఎప్పుడూ దీనికే.

విట్‌బియర్‌లో తొక్క ఎందుకు కుదురుతుందంటే అందులో హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చేదు చాలా తక్కువ, బీర్ చేదుని కొలిచే ఐబీయూ లెక్కలో 8 నుంచి 20 లోపే, ఆల్కహాలు 4.5 నుంచి 5.5 శాతం. మాల్ట్ చేయని పచ్చి గోధుమ సగం దాకా పడుతుంది, ఆ మసక తెలుపు, ఆ మెత్తదనం దానివల్లే. చేదుకి ఖాళీ ఉంది, ఆ ఖాళీలో తొక్క, ధనియాలు కూర్చుంటాయి. జర్మన్ వాళ్ల గోధుమ బీర్‌తో దీన్ని కలిపేసి మాట్లాడేవాళ్లు బోలెడుమంది, అది వేరు. బవేరియాలో 1516 నాటి శుద్ధత చట్టం నుంచి వచ్చిన సంప్రదాయంలో మసాలాలకి చోటు లేదు, ఆ బీర్‌లో వచ్చే అరటిపండు, లవంగం వాసనలు రెండూ ఈస్ట్ చేసే మాయ. వాటిలో నారింజ వెతికి, దొరకలేదని మార్కులు తగ్గించడం అన్యాయం.

హోగార్డెన్‌తో మొదలుపెట్టక తప్పదు, ఎందుకంటే అది లేకపోతే మిగతావి లేవు. బెల్జియంలోని ఆ ఊళ్లో ఒకప్పుడు డజన్ల కొద్దీ బ్రూవరీలు ఉండేవి, 1950ల్లో చివరిది కూడా మూతపడింది, విట్‌బియర్ అనే రకమే అక్కడ ఆగిపోయింది. ఇళ్లకి పాలు పోసే వ్యాపారం చేసిన పియర్ సెలిస్ అనే ఆయన, చిన్నప్పుడు ఇంటి పక్కనున్న టోమ్‌సిన్ బ్రూవరీలో చేసిన పని గుర్తుపెట్టుకుని, 1966లో ఆ బీర్‌ని మళ్లీ మొదలుపెట్టాడు. గోధుమ, ధనియాలు, ఎండు చేదు నారింజ తొక్క. 1985లో బ్రూవరీ కాలిపోయింది, తిరిగి కట్టడానికి పెద్ద కంపెనీ డబ్బు తీసుకోవాల్సి వచ్చింది, చివరికి ఆయన అమెరికా వెళ్లి టెక్సస్‌లోని ఆస్టిన్‌లో కొత్తగా బ్రూవరీ పెట్టి 1992లో సెలిస్ వైట్ తెచ్చాడు. 2011లో పోయాడు. ఒక మనిషి పట్టుదల వల్ల ఒక బీర్ రకం మొత్తం బతికింది, ఇప్పుడు ప్రపంచంలో ఏ మూల నారింజ తొక్క బీర్ తాగినా ఆయన బాకీ ఉన్నట్టే.

ఇక ఆ బీర్ సంగతి. 4.9 శాతం, పలచటి గడ్డి పసుపు, మసక. వాసనలో ముందు ధనియాలే వస్తాయి, నిమ్మ పోలిక ఉన్న ధనియాలు, వెనక నారింజ. నోట్లో తేలిక, గ్యాసు చురుగ్గా, చిన్న పులుపు జీర. గ్లాసు సగమయ్యాక నారింజ కాస్త తీపి వైపు జరుగుతుంది, గోధుమ పలచబడుతుంది, నాకు ఉన్న అసంతృప్తి అంతా అక్కడే. ఎండలో దాహంగా ఉన్నప్పుడు దీన్ని మించింది లేదు, కూర్చుని పరీక్షగా తాగితే మాత్రం చెప్పాల్సింది త్వరగా చెప్పేసి ఊరుకుంటుంది. 7.5.

సెయింట్ బెర్నార్డస్ విట్ కూడా సెలిస్ చెయ్యి పడిన బీరే, వాటూలోని బ్రూవరీ ఆయన సహకారంతో చేసింది, 5.5 శాతం. సీసాలోనే మళ్లీ పులిసే రకం కాబట్టి అడుగున ఈస్ట్ ఉంటుంది, దీన్ని పోయడంలో ఒక పద్ధతి ఉంది, అది పాటించకపోతే సగం బీర్ తాగినట్టే. గ్లాసు వంచి మూడింట రెండు వంతులు నెమ్మదిగా పోసి ఆపండి. సీసాలో మిగిలినదాన్ని గుండ్రంగా తిప్పండి, అడుగున ఉన్న తెల్లటి మడ్డి మొత్తం లేచి మబ్బులా కలుస్తుంది, అప్పుడు ఆ మిగిలింది గ్లాసు మధ్యలోకి పోయండి. నురగ వేలెడు లేస్తుంది, తెల్లగా, చిక్కగా, తాగినంతమేరా గ్లాసు గోడకి గీతలు గీతలుగా అంటుకుంటుంది. నేను ఒకే సీసాని రెండు గ్లాసుల్లో, ఒకదాంట్లో పైతేట, ఇంకోదాంట్లో మడ్డి కలిపింది పోసి పక్కపక్కన పెట్టి తాగాను. పైతేటలో నారింజ పైపైన తేలుతున్నట్టు విడిగా తెలిసింది, మడ్డి కలిపినదాంట్లో అదే నారింజకి బ్రెడ్డు లాంటి ఒక మెత్తటి అడుగు దొరికింది, రెండూ ఒకే సీసాలోవి అంటే నమ్మబుద్ధి కాలేదు. మింగాక చేదు తొక్క చిన్నగా, పొడిగా నాలుక వెనక నిలుస్తుంది, తీపి మిగలదు. వెచ్చబడేకొద్దీ మెరుగైన బీర్ ఇది. 9.

అల్లాగాష్ వైట్‌కి కూడా 9 ఇస్తున్నాను, కానీ కారణం వేరు. అమెరికాలో మేన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో రాబ్ టాడ్ 1995లో మొదలుపెట్టిన బ్రూవరీ, మొదటి బీరే ఇది, 5.2 శాతం. మాల్ట్ చేసిన గోధుమ, పచ్చి గోధుమ, ఓట్స్ మూడూ వేస్తారు, మసాలా కురసావ్ తొక్కా ధనియాలే. ఓట్స్ వల్ల నోట్లో పట్టులా జారుతుంది. ఇందులో ఏది ధనియం, ఏది తొక్క, ఏది ఈస్ట్ అని విడదీయాలని కూర్చుంటే విడదీయలేం, అంతగా కలిసిపోయి ఉంటాయి, నేను మొదట్లో చెప్పిన తంబూర పని ఈ బీర్‌లో తొక్క అచ్చంగా చేస్తుంది. బెర్నార్డస్‌లో ఈస్ట్ గొంతు పెద్దది, ఇందులో అన్నీ సమానం. ఒక పూట ఒకటే తాగాలంటే బెర్నార్డస్, రెండోది కూడా తాగాలనిపించేది అల్లాగాష్.

బ్లూ మూన్ మీద క్రాఫ్ట్ బీర్ వాళ్లలో చాలామందికి చిన్నచూపు, వెనక పెద్ద కంపెనీ ఉందని. గ్లాసులో ఉన్నదానికి మార్కులు వేసేటప్పుడు కంపెనీ సైజుతో పనేంటి? 1995లో డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానంలో ఉన్న చిన్న బ్రూవరీలో, బ్రసెల్స్‌లో బ్రూయింగ్ మీద డాక్టరేట్ చేసి వచ్చిన కీత్ విల్లా తయారు చేసిన బీర్ ఇది, 5.4 శాతం. చేదు తొక్క బదులు తియ్యటి వాలెన్సియా తొక్క వేశాడు, ఓట్స్ కలిపాడు. అందుకే రంగు కాస్త ముదురు, ఒళ్లు కాస్త బరువు, పులుపు తక్కువ, వాసనలో నారింజ రసం గుర్తొస్తుంది. చివర్లో పొడిబారదు, తీపి జీర ఒకటి ఉండిపోతుంది, నా నాలుగు మార్కుల్లో రెండు అక్కడ పోయాయి. అయితే బీర్ చేదు పడనివాళ్లకి ఈ రకాన్ని పరిచయం చేయాలంటే నేను ముందు ఇచ్చేది ఇదే, ఇంతవరకూ ఎవరూ గ్లాసు పక్కన పెట్టలేదు. 7.

గ్లాసు అంచుకి నారింజ ముక్క గుచ్చే అలవాటు కూడా ఎక్కువగా ఈ బీర్‌తోనే పాకింది. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ రుచి చూసి మార్కులు వేయాలనుకుంటే ముక్క వద్దు. పచ్చి తొక్క నూనె గ్లాసు అంచున ఉంటే ముక్కుకి తగిలేది అదే, లోపల బ్రూవర్ వేసిన ఎండు తొక్క ఏం చెబుతోందో వినపడదు, పైగా ముక్క లోపల పడిందంటే నురగ కూడా అణిగిపోతుంది. ముందు ఉత్తిగా తాగండి, అభిప్రాయం ఏర్పడ్డాక కావాలంటే గుచ్చుకోండి.

హిటాచినో నెస్ట్ వైట్ ఏల్ జపాన్‌ది, 1823 నుంచి సాకె (బియ్యంతో చేసే జపాన్ మద్యం) చేస్తున్న కియుచి వాళ్లు 1990ల్లో బీర్‌లోకి దిగి చేసింది, 5.5 శాతం, గుడ్లగూబ బొమ్మ సీసా. ఇందులో నారింజ తొక్కతో పాటు నారింజ రసం, ధనియాలు, పైగా జాజికాయ. జాజికాయ పేరు వినగానే భయపడ్డాను, అది ఒక్క చిటికెడు ఎక్కువైతే మిగతావన్నీ మింగేసే దినుసు, కానీ ఇక్కడ కొలత తెలిసిన చెయ్యి పడింది. మొదట నారింజ, తర్వాత గోధుమ మెత్తదనం, మింగాక ముక్కు వెనక జాజికాయ వెచ్చగా తగులుతుంది. మిగతా విట్‌బియర్ల కంటే ఇది మసాలా వైపు ఒక అడుగు ముందుంది, చలికాలం కూడా తాగొచ్చు. ఒకే కూర్చోవడంలో రెండోది తాగాలని మాత్రం అనిపించలేదు. 8.

బ్లాంష్ ద నామూర్ 4.5 శాతమే, బెల్జియంలోని దు బోక్ బ్రూవరీది. ధనియాలు, చేదు తొక్క, అన్నీ చాలా మెల్లగా. ఘాటు కోరుకునేవాళ్లకి ఏమీ లేనట్టు ఉంటుంది. నాకు ఆ నిదానమే నచ్చింది. 8.

ఇప్పుడు నచ్చనివి. పేరు చెప్పను గానీ, డబ్బా మీద పెద్ద నారింజ బొమ్మ ఉన్న ఒక బీర్ తెరవగానే గది అంతా వాసన కొట్టింది, సంతోషించాను, రెండు గుక్కల్లో అర్థమైంది అది తొక్క కాదు, ఎసెన్స్ అని. తేడా ఎలా తెలుస్తుందంటే, ఎసెన్స్ వాసన ముక్కుకి ఎంత తెలిసిందో నాలుక మీద అంత మాయమవుతుంది, మింగాక చేదు ఉండదు, వగరు ఉండదు, చప్పటి తీపి మాత్రం పెదవులకి అంటుకుంటుంది. వెచ్చబడ్డాక జ్వరం సిరప్ వాసన వచ్చింది. 3, అదీ నురగ బాగుందని. ఇంకోటి దీనికి పూర్తి విరుద్ధం, తొక్క నిజమైనదే, తెల్ల పొర గీకకుండా దండిగా వేసేసినట్టున్నారు, మూడో గుక్కకి చిగుళ్లు పట్టేసి నీళ్లు తాగాల్సి వచ్చింది. నిజాయితీకి ఒక మార్కు కలిపి 4.5.

ధనియాల వల్ల చెడేవీ ఉన్నాయి, వాటి నింద పాపం నారింజ మీద పడుతుంది. మంచి ధనియాల్లో లినలూల్ అనే నూనె పువ్వు వాసన, నిమ్మ వాసన ఇచ్చి తొక్కకి తోడుగా నిలుస్తుంది. రకం కుదరకపోయినా, మోతాదు మించినా సెలరీ ఆకు వాసన, ఒక్కోసారి ఉప్పుమాంసం లాంటి వాసన వస్తుంది, సబ్బు గుర్తొచ్చేవీ ఉంటాయి. బీర్‌లో ఏదో కూరగాయ ఉడికినట్టు అనిపిస్తే అనుమానించాల్సింది ధనియాన్ని.

విట్‌బియర్ దాటి బయటికి వెళ్తే, ఐపీఏల్లో, అంటే హాప్స్ దండిగా వేసిన చేదు బీర్లలో, తొక్క వేయడం ఇప్పుడు మామూలైంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను, చాలావాటిలో అది అక్కర్లేదు. అమరిల్లో, మండరీనా బవేరియా లాంటి హాప్స్‌లోనే నారింజ వాసన పుష్కలంగా ఉంటుంది, తొక్క అసలు పడకుండానే. ఆ చేదు మీద మళ్లీ తొక్క చేదు పేరిస్తే రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. తొక్క తెలిసేది చేదు తగ్గించి, ఒళ్లు కాస్త నిండుగా ఉంచిన ఐపీఏలోనే. ఈ జాతి మొత్తం మీద నా సగటు 6.

నల్ల బీర్లలో, అంటే స్టౌట్‌లో, నేను ఊహించినదానికన్నా బాగా కుదిరింది. వేయించిన మాల్ట్‌లో కాఫీ, చాక్లెట్ పోలికలుంటాయి, వాటి పక్కన తియ్య నారింజ తొక్క చక్కగా ఇముడుతుంది. ఇక్కడ మాత్రం చేదు నారింజకి నేను ఓటు వేయను, మాడు చేదుకి తొక్క చేదు తోడైతే మసి నాకినట్టు ఉంటుంది. ఆల్కహాలు 8 శాతం దాటిన చిక్కటి స్టౌట్‌ని ఫ్రిజ్ చలిలో తాగితే నారింజ తెలియనే తెలియదు, 12 డిగ్రీల దాకా రానివ్వాలి. నచ్చినవాటికి 7.5 దాకా వేశాను.

కొనేటప్పుడు సీసా మీద తేదీ చూడండి, ఈ బీర్లలో అది మామూలు కంటే ఎక్కువ ముఖ్యం. లిమోనీన్ గాలి తగిలితే త్వరగా పాడయ్యే సరుకు, నెలల తరబడి వెచ్చటి అరలో ఉన్న సీసాలో నారింజ పోయి అట్టపెట్టె వాసన, పాత నూనె వాసన మిగులుతాయి. పారదర్శకంగా ఉన్న సీసా, ఆకుపచ్చ సీసా వెలుతురులో ఉంటే హాప్స్ కూడా కంపు కొడతాయి. గోధుమ రంగు సీసా గానీ డబ్బా గానీ మేలు.

నలుగురు కూర్చుని వరసగా రుచి చూడాలనుకుంటే తక్కువ గొంతు ఉన్నదానితో మొదలుపెట్టండి: నామూర్, హోగార్డెన్, అల్లాగాష్, బెర్నార్డస్, తర్వాత బ్లూ మూన్. తీపి ముందొస్తే వెనకొచ్చే పొడి బీర్లు పుల్లగా అనిపిస్తాయి, అందుకే దాన్ని అంత వెనక్కి జరిపాను. హిటాచినో జాజికాయ నాలుక మీద కూర్చుంటుంది కాబట్టి దాని తర్వాత విట్‌బియర్ ఏదీ పెట్టొద్దు, స్టౌట్ ఉంటే అది అన్నిటికన్నా చివర. గ్లాసులు సబ్బు జిడ్డు లేకుండా కడగాలి, ఒక్కొక్కరికి వంద మిల్లీలీటర్లు చాలు, మధ్యలో నీళ్లు. మార్కులు రాసుకున్నాక గ్లాసు అడుగున రెండు గుక్కలు ఉంచి, అన్నీ అయ్యాక వెనక్కి వచ్చి ఆ రెండు గుక్కలూ తాగండి. నేను వేసిన మార్కుల్లో ఎక్కువ దిద్దుబాట్లు అప్పుడే జరిగాయి, హోగార్డెన్ 8 నుంచి 7.5కి దిగింది, నామూర్ 7 నుంచి 8కి ఎక్కింది.